ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట: సామాను మార్చినా పాత విండోస్ అట్లే ఉంచుకోవచ్చు



ఎప్పుడూ చాకీ గురించో, పాల రోగం గురించో, గూళ్ల రేటు గురించో రాసుకుంటాం. ఈసారి ఇంట్లో మూలన ఉండే కంప్యూటర్ గురించి రాస్తాండాను. పురుగులకూ దీనికీ ఏం సంబంధం అనుకోవద్దు. మన పంట లెక్కంతా ఇప్పుడు దాంట్లోనే ఉండాది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వాళ్లు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసినారు. అప్పటినుంచి మన సండూరు, తోరణగల్లు, బళ్లారి వైపు ఏ షాపుకు పోయినా రెండే మాటలు వినిపిస్తాండాయి. ఒకటి, "మీ సిస్టం అయిపోయింది, కొత్తది తీసుకోండి." రెండోది, "సామాను మార్చి ఫార్మాట్ కొట్టిస్తాం, కొత్త విండోస్ వేస్తాం." ఈ రెండూ కాక మూడో దారి ఒకటి ఉండాది. సామాను మార్చుకుని, ఉన్న విండోస్‌ను, దాంట్లోని ప్రోగ్రాములను, మన లెక్కలను కదలకుండా అట్లే పెట్టుకోవడం. అది ఎప్పుడు కుదురుతాది, ఎప్పుడు కుదరదు, ఏం జాగ్రత్త పడాల అనేది ఈ వ్యాసం.

*అసలు పోయేదేమిటి?*

మన వైపు రైతుల ఇళ్లలో ఉండే కంప్యూటర్లు చాలావరకు సెకండ్ హ్యాండువే. గనుల టౌన్‌షిప్‌లో ఉద్యోగులు కొత్తది కొన్నప్పుడు పాతది మన చేతికి వస్తాది. పిల్లల చదువుకని తెస్తాం, తర్వాత అదే ఇంటి ఆఫీసు అవుతాది.

దాంట్లో ఏమేం ఉంటాయో ఒకసారి లెక్కేసుకోండి. బ్యాచీ రిజిస్టరు: ఏ తేదీన ఎన్ని గుడ్లు తెచ్చినాం, ఏ చాకీ సెంటర్, ఏ జ్వరానికి ఎన్ని పురుగులు పోయినాయి, 100 గుడ్లకు ఎన్ని కిలోల గూళ్లు వచ్చినాయి. మార్కెట్ చీటీల ఫోటోలు. డ్రిప్ సబ్సిడీ కాగితాలు, షెడ్డు సబ్సిడీ కాగితాలు, పహణీలు, ఎఫ్‌ఐడి నంబరు, బ్యాంకు లోను పత్రాలు. కొందరికి ట్యాలీలో లెక్కలు. సంఘం పని చూసేవాళ్లకు తెలుగు కరపత్రాలు, వాటికి వాడే పాత తెలుగు ఫాంట్లు. పాత ప్రింటర్, దాని డ్రైవరు. ఆ డ్రైవరు సీడీ ఎక్కడ పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫార్మాట్ అంటే ఇవన్నీ తుడిచేయడం. "డేటా బ్యాకప్ తీసినాం" అని షాపులో చెప్తారు. వాళ్లు తీసేది సామాన్యంగా డెస్క్‌టాప్ మీదవి, డి డ్రైవులోవి. సి డ్రైవులో ఎక్కడో లోపల దాచుకున్న ప్రోగ్రాము లెక్కలు, మెయిల్ ఫైళ్లు, ఫాంట్లు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు వాళ్ల కంటికి పడవు.

మన తాలూకాలోనే ఒక రైతన్నకు ఇట్లా జరిగింది. సిస్టం నిదానంగా ఉందని ఒక షాపులో ఇస్తే రెండు రోజుల్లో గుర్రంలా పరిగెత్తే సిస్టం చేతికి వచ్చింది. ఏడేండ్ల బ్యాచీ రిజిస్టరు మాత్రం రాలేదు. ఆ రిజిస్టరు చూసే ఆయన, పల్లం మడి ఆకు వానాకాలంలో పెడితే రోగం ఎక్కువ వస్తాదని కనిపెట్టినాడు. ఏ నెల గుడ్లకు ఎంత దిగుబడి వస్తాదని ముందే అంచనా కట్టేవాడు. రికవరీ చేయిస్తే కొన్ని ఫోటోలు వచ్చినాయి, రిజిస్టరు ఫైలు మాత్రం తెరుచుకోలేదు. సిస్టం మళ్లీ కొనొచ్చు. ఏడేండ్ల అనుభవాన్ని రాసిన లెక్క ఏ అంగట్లోనూ దొరకదు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. పాత రకం తిరిగే హార్డ్ డిస్క్‌లో చెరిపేసిన ఫైలు కొన్నిసార్లు తిరిగి వస్తాది. ఎస్ఎస్‌డిలో ఆ ఆశ చాలా తక్కువ. చెరిపేసిన జాగాను అది తనంతట తానే లోపల శుభ్రం చేసుకుంటాది.

*షెడ్డు వేరు, షెడ్డు నడిపే మనిషి వేరు*

కంప్యూటర్‌లో కంటికి కనిపించే సామాను (బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, డిస్క్) మన రేరింగ్ షెడ్డు లాంటిది. విండోస్ అనేది ఆ షెడ్డును నడిపే మనిషి లాంటిది. ఏ తట్ట ఎక్కడుంది, ఏ స్విచ్చి వేస్తే ఏ ఫ్యాను తిరుగుతాది, ఏ కిటికీకి తెర సరిగ్గా లేదు అన్నీ ఆ మనిషికి తెలుసు. అట్లా తెలియజేసే చిన్న చిన్న ప్రోగ్రాములనే డ్రైవర్లు అంటారు.

షెడ్డులో రెండు స్టాండ్లు పెంచితే మనిషిని మార్చనక్కర లేదు. షెడ్డే మారితే ఆ మనిషి కొత్త స్విచ్చులు నేర్చుకోవాల. ఆ మనిషితో మనకున్న ఒప్పందం ఎట్లాంటిదో కూడా చూడాల. "ఈ షెడ్డు వరకే పని చేస్తాను" అనే ఒప్పందమా, "నువ్వు ఏ షెడ్డుకు పిలిస్తే అక్కడికి వస్తాను" అనే ఒప్పందమా? విండోస్ లైసెన్సులో అచ్చం ఈ రెండు రకాలూ ఉండాయి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

*భయపడకుండా మార్చుకోదగినవి*

ర్యామ్, పవర్ సప్లై, ఫ్యాను, మానిటరు, కీబోర్డు, గ్రాఫిక్స్ కార్డు. వీటిలో ఏది మార్చినా విండోస్ అట్లే ఉంటాది, ఫార్మాట్ అవసరం లేదు. ర్యామ్ మార్చడానికి ఫార్మాట్ చేయాల అని ఎవరన్నా చెప్తే ఇంకో షాపుకు పోండి.

ర్యామ్ కొనే ముందు రెండు చూసుకోవాల.

మొదటిది రకం. డిడిఆర్3, డిడిఆర్4, డిడిఆర్5 వేరు వేరు. ఒకదాని గాడిలో ఇంకొకటి దిగదు. బలవంతం చేస్తే గాడి విరుగుతాది. డెస్క్‌టాప్‌ది పొడుగు, ల్యాప్‌టాప్‌ది పొట్టి. పాత కార్డు ఒకటి చేతిలో పట్టుకుపోతే తప్పు జరగదు.

రెండోది విండోస్ 32 బిట్టా, 64 బిట్టా అనేది. సెట్టింగ్స్‌లో సిస్టం, దాని కింద అబౌట్ అని ఉంటాది, అక్కడ రాసుంటాది. మనం మామూలుగా వాడే 32 బిట్ విండోస్ 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ వాడుకోలేదు. 8 జీబీ వేసినా మిగతాది దండుగే. 32 నుంచి 64కు మారాలంటే మాత్రం విండోస్ కొత్తగా వేయక తప్పదు. పాతది పెట్టుకుని మారే దారి లేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే అనవసరంగా ర్యామ్ మీద డబ్బు పెట్టరు.

*హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డి వేయడం*

పాత సిస్టంకు ఎక్కువ ఊపిరి పోసేది ఇదే. తిరిగే డిస్క్ ఉన్న సిస్టం ఆన్ చేసి టీ తాగి వచ్చేదాకా తెరుచుకోదు. ఎస్ఎస్‌డి వేస్తే అదే విండోస్ చాలా తొందరగా లేస్తాది. దీనికి ఫార్మాట్ ఏమాత్రం అవసరం లేదు. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లోకి ఎక్కించడాన్ని క్లోనింగ్ అంటారు.

మనం పడక శుభ్రం చేసేటప్పుడు పురుగులను ఒక్కొక్కటిగా చేత్తో ఏరుతామా? వల పరుస్తాం, దాని మీద తాజా ఆకు వేస్తాం, పురుగులన్నీ పైకి ఎక్కినాక వలతోసహా ఎత్తి కొత్త తట్టలో పెడతాం. క్లోనింగ్ అట్లాంటి పనే. ఒక తేడా మాత్రం ఉండాది. క్లోనింగ్ తర్వాత పాత తట్టలో కూడా పురుగులన్నీ అట్లే ఉంటాయి. అందుకే ఇది భద్రమైన పని.

పని ఇట్లా సాగాల:

1. పాత డిస్క్ ఆరోగ్యం ముందు చూడాల. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉండాది. "గుడ్" అని వస్తే సరే. "కాషన్" లేదా "బ్యాడ్" అని వస్తే క్లోనింగ్ కంటే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే పెట్టుకోండి. చావడానికి సిద్ధంగా ఉన్న డిస్క్‌ను గంటలకొద్దీ చదివిస్తే మధ్యలోనే నిలిచిపోవచ్చు.

2. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవులో గానీ, బయటి డిస్క్‌లో గానీ కాపీ చేసి, ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాల. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు.

3. అప్‌డేట్లు మధ్యలో ఉంటే పూర్తి కానివ్వాల. జ్వరంలో ఉన్న పురుగును కదిలించం కదా, అప్‌డేట్ మధ్యలో ఉన్న విండోస్‌ను కూడా కదిలించకూడదు.

4. బిట్‌లాకర్ ఉందేమో చూడాల. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం దానంతట అదే పడి ఉంటాది. ఆ తాళం చెవి 48 అంకెల నంబరు. మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటాది. దాన్ని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి, అప్పుడు పని మొదలుపెట్టాల.

5. కొత్త ఎస్ఎస్‌డిని యూఎస్‌బి కేబులుతో తగిలించి క్లోన్ చేయాల. కొన్ని ఎస్ఎస్‌డి కంపెనీలు తమ డిస్క్ కొన్నవాళ్లకు క్లోనింగ్ ప్రోగ్రాము ఉచితంగానే ఇస్తాయి. క్లోన్‌జిల్లా అనేది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కానీ అది కొంచెం తెలిసినవాళ్లు వాడేది. దాంట్లో కొత్త డిస్క్ పాతదాని కంటే చిన్నది కాకుండా చూసుకోవాల.

6. ఏది పాత డిస్క్, ఏది కొత్తది అనేది రెండుసార్లు చదివి బటన్ నొక్కాల. తిరగేసి నొక్కితే ఖాళీ డిస్క్ వచ్చి మన లెక్కల మీద కూర్చుంటాది. రెండు డిస్కులూ ఒకే సైజు అయితే పేరు, మోడల్ నంబరు చూసి గుర్తుపట్టాల.

7. క్లోన్ అయినాక సిస్టం ఆపి, పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తది ఒక్కటే తగిలించి ఆన్ చేయాల. మొదటిసారి రెండూ కలిపి పెట్టకూడదు. రెండిటికీ ఒకే గుర్తింపు ఉండేసరికి విండోస్ తికమక పడతాది.

8. పాత డిస్క్‌ను వెంటనే తుడిచేయొద్దు. ఒక పంట అయ్యేదాకా బీరువాలో పెట్టండి. అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరినాక దాన్నే బ్యాకప్ డిస్క్‌గా వాడుకోవచ్చు.

డిస్క్ ఒక్కటి మారితే విండోస్ లైసెన్సుకు సామాన్యంగా ఏమీ కాదు. ఎస్ఎస్‌డి కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: సన్నగా పట్టీలా ఉండే ఎన్‌విఎంఈ రకం నుంచి చాలా పాత బోర్డులు బూట్ కావు. పదేండ్లు దాటిన సిస్టం అయితే రెండున్నర అంగుళాల సాటా రకం తీసుకుంటే గొడవ ఉండదు.

*బోర్డు మారితే రెండు గండాలు*

మదర్ బోర్డు పోయిందనుకోండి. మన వైపు వేసవి చివర ఉరుములు మెరుపులకు ఎన్ని బోర్డులు కాలిపోతాయో మీకే తెలుసు. డిస్క్ బాగానే ఉండాది, బోర్డు మార్చాల. అప్పుడు పాత విండోస్ కొత్త బోర్డు మీద లేస్తాదా?

*మొదటి గండం డ్రైవర్లు.* విండోస్ 7 కాలంలో వేరే రకం బోర్డుకు డిస్క్ తగిలిస్తే ఎక్కువసార్లు నీలం తెర వచ్చి నిలిచిపోయేది. డిస్క్‌ను చదివే డ్రైవరే కొత్త బోర్డుకు సరిపోక విండోస్ తన ఇంటి తలుపే తాను తీయలేకపోయేది. విండోస్ 10, 11 ఈ విషయంలో చాలా మేలు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు "పరికరాలు సిద్ధం చేస్తున్నాం" అని కొంతసేపు తీసుకుని, ఒకటి రెండుసార్లు తనే ఆగి లేచి, కొత్త సామానును గుర్తుపట్టుకుంటాది. నెట్ డ్రైవరు లేకపోతే మిగతావి దించుకోలేం. కాబట్టి కొత్త బోర్డు నెట్ డ్రైవరును ముందే పెన్‌డ్రైవులో పెట్టుకోవడం మంచిది.

బయోస్‌లో రెండు సెట్టింగులు పాత బోర్డులో ఎట్లా ఉన్నాయో కొత్తదాంట్లో కూడా అట్లే ఉండాల. ఒకటి బూట్ పద్ధతి: లెగసీనా, యూఈఎఫ్‌ఐనా. రెండు డిస్క్ పద్ధతి: ఏహెచ్‌సిఐనా, రెయిడ్‌నా. బోర్డు బాగున్నప్పుడే బయోస్ తెరలను ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. బోర్డు కాలిపోయినాక ఆ ఫోటోనే దిక్కు. కొన్ని కొత్త బోర్డుల్లో లెగసీ పద్ధతే ఉండదు. అప్పుడు డిస్క్‌ను ఎంబిఆర్ నుంచి జిపిటి పద్ధతికి మార్చాల. డేటా పోకుండా మార్చే ఎంబిఆర్ టు జిపిటి అనే సాధనం విండోస్ 10లోనే ఉండాది. అయినా బ్యాకప్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

*రెండో గండం లైసెన్సు.* విండోస్ తన లైసెన్సును ముఖ్యంగా మదర్ బోర్డుతో ముడి వేసుకుంటాది. బోర్డు మారితే "యాక్టివేట్ కాలేదు" అంటాది. అప్పుడు మన ఒప్పందం ఏ రకమో చూడాల:

ఓఈఎం: కంప్యూటర్‌తోబాటు కంపెనీ వేసి ఇచ్చింది. మనం కొనే బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లలో ఎక్కువ ఇదే. ఇది ఆ షెడ్డు వరకే. వేరే రకం బోర్డుకు రాదు.

రిటైల్: విడిగా కొన్నది. ఇది మన వెంట వస్తాది. ఒకసారికి ఒక సిస్టంలోనే వాడాల, అంతే.

వాల్యూమ్: ఆఫీసులకు, కంపెనీలకు మొత్తంగా ఇచ్చేది. ఆఫీసు నుంచి వచ్చిన సెకండ్ హ్యాండు సిస్టంలో ఇది ఉండొచ్చు. అది మనది కాదు.

మనది ఏ రకమో తెలుసుకునేది ఎట్లా? కీబోర్డులో విండోస్ గుర్తు బటన్ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న గడిలో ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ అని చిన్న అక్షరాలతో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, డి, ఎల్, ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే పెట్టెలో ఈ మూడింటిలో ఏదో ఒక పేరు కనిపిస్తాది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

బోర్డు మార్చాల అనుకుంటే ముందే విండోస్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి, లైసెన్సును అకౌంటుకు ముడి వేయాల. తర్వాత యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చినాను" అనేదాన్ని ఎంచుకుంటే పాత లైసెన్సు కొత్త బోర్డుకు వచ్చే అవకాశం ఉంటాది. తోరణగల్లు వైపు మనకు తెలిసిన ఒక రైతు ఇట్లాగే బయటపడినాడు. పిడుగు పడి బోర్డు పోయింది. విడిగా కొన్న రిటైల్ విండోస్, ముందే అకౌంటుకు ముడి వేసి ఉండాది. పాత డిస్క్‌ను వేరే సెకండ్ హ్యాండు బోర్డుకు తగిలిస్తే విండోస్ లేచింది, లెక్కలన్నీ అట్లే ఉండాయి, పూటలో యాక్టివేట్ కూడా అయింది. రైతు చేసిన మంచి పని ఒక్కటే: ఆ ముడి ముందే వేసుకోవడం.

షాపులో "క్రాక్" కొట్టి ఇచ్చే విండోస్ గురించి ఒక మాట. దాంతోబాటు ఏం లోపలికి వస్తాదో చెప్పలేం. అదే సిస్టంలో బ్యాంకు పని చేసేవాళ్లు దాన్ని దగ్గరికి రానీయొద్దు. పెబ్రిన్ తగిలిన గుడ్లు చవకగా వస్తాయని తెచ్చుకుంటామా?

*పాత ప్రోగ్రాము కోసం పాత విండోస్*

తెలుగు కరపత్రాలు, పెండ్లి పత్రికలు వేసే డీటీపీ వాళ్లను చూడండి. మన తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఏండ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని నడిచింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. అట్లా రాసిన ఫైలును ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే చాలామంది విండోస్ ఎక్స్‌పీనో, విండోస్ 7నో వదలలేకపోయినారు. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగిపోయినా పని మాత్రం నడుస్తానే ఉండింది.

వీళ్ల చిక్కు వేరే రకం. కొత్త సామానే పాత విండోస్‌ను ఒప్పుకోదు. ఇంటెల్ 7వ తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లకు విండోస్ 7ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోలేదు. విండోస్ 7లో యూఎస్‌బి 3కు సొంత డ్రైవరే లేదు. కొత్త బోర్డు మీద ఇన్‌స్టాల్ చేయబోతే మౌసు కూడా కదలదు.

దీనికి మంచి దారి ఒకటి ఉండాది. పాత విండోస్ మొత్తాన్ని ఒక పెద్ద ఫైలుగా మార్చి, కొత్త సిస్టంలో ఒక కిటికీలో నడిపించడం. దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. డిస్క్ టు వీహెచ్‌డి అనే మైక్రోసాఫ్ట్ సాధనం ఆ ఫైలు తయారుచేస్తాది. వర్చువల్ బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని నడిపిస్తాది. కొత్త షెడ్డులో ఒక మూల అద్దాల గది కట్టి పాత మనిషిని అక్కడే తన పని చేసుకోనిచ్చినట్టు. లైసెన్సు నియమాలు దీనికీ వర్తిస్తాయి, నెట్ మాత్రం ఆ గదికి ఇవ్వొద్దు. ఇది తెలిసిన మెకానిక్‌తో చేయించుకునే పని.

ఇకనుంచి రాసే తెలుగు మాత్రం యూనికోడ్‌లో రాసుకోండి. ఫోనులో టైపు చేస్తే వచ్చేది యూనికోడే. అది ఏ సిస్టంలోనైనా తెరుచుకుంటాది.

*మరి విండోస్ 10 ఇంకా పెట్టుకోవచ్చా?*

అప్‌డేట్లు ఆగినాయంటే సిస్టం ఆగిపోతాదని కాదు. లెక్కలు రాసుకోవచ్చు, ప్రింటు తీయొచ్చు. కానీ కొత్తగా బయటపడే లొసుగులకు మందు రాదు. నెట్‌లో బ్యాంకు పని చేసేవాళ్లకు అది ప్రమాదం.

మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంట్లో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించే ఏర్పాటు ఒకటి ప్రకటించినారు. దాని పేరు ఈఎస్‌యు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగులు వాళ్ల దగ్గర బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం. లేదంటే 30 డాలర్లు గానీ, మన రూపాయల్లో దానికి సమానం గానీ కట్టాల. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాల. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే దీనికి చేరే లింకు కనిపిస్తాది.

విండోస్ 11కు పోవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాల. ఇంటెల్ అయితే మామూలుగా 8వ తరం, ఆ పైన ప్రాసెసర్ కావాల. ఇవి ఉంటే విండోస్ 10 నుంచి ఫైళ్లు, ప్రోగ్రాములు పోకుండా, ఫార్మాట్ లేకుండా ఉచితంగా ఎక్కొచ్చు. కొన్ని సిస్టంలలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటాది. "మీది పనికిరాదు" అనే మాట నమ్మే ముందు అది ఒకసారి చూపించమనండి.

ఇవేవీ కుదరని పాత సిస్టంకు లినక్స్ ఉండాది. ఉచితం. డ్రైవర్లు చాలావరకు దాని కడుపులోనే ఉంటాయి కాబట్టి లినక్స్ డిస్క్‌ను ఒక సిస్టం నుంచి తీసి ఇంకోదాంట్లో పెట్టినా ఎక్కువసార్లు అట్లే లేస్తాది. లైసెన్సు గొడవ అసలే లేదు. సీడ్యాక్ వాళ్ల బాస్ లినక్స్ మన భాషలకు తయారైంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. అయితే ట్యాలీ వాడేవాళ్లు, పాత ప్రింటర్ ఉన్నవాళ్లు ముందు పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసి, పని జరుగుతాదని తేలినాకే మారాల.

*దుమ్ము, కరెంటు, కాలం*

మన దోణిమలై చుట్టూ ఎర్ర దుమ్ము సంగతి చెప్పనక్కర లేదు. రోడ్డు పక్క మడి ఆకు కడగకుండా పెడితే పురుగు ఏమవుతాదో చూసినాం. అదే దుమ్ము కంప్యూటర్ లోపల కూడా పేరుకుంటాది. ఫ్యాను నిండితే ప్రాసెసర్ వేడెక్కి సిస్టం తానే నిదానమవుతాది. కాబట్టి ఏదైనా కొనే ముందు లోపల దుమ్ము ఊదించి, ర్యామ్ కాళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిపించి చూడండి. కొన్నిసార్లు అంతకంటే ఖర్చే ఉండదు.

క్లోనింగ్ మధ్యలో కరెంటు పోతే పని మళ్లీ మొదటి నుంచి చేయాల. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. బయోస్ అప్‌డేట్ అయితే మరీ జాగ్రత్త. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

ఈ పని పురుగు ఐదో దశలో ఉన్నప్పుడు పెట్టుకోవద్దు. మొత్తం ఆకులో 80 శాతానికి పైగా పురుగు తినేది ఆ దశలోనే. అప్పుడు ఇంట్లో ఎవరికీ తల తిప్పే తీరిక ఉండదు. గూళ్లు మార్కెట్‌కు వేసినాక, షెడ్డు కడిగి మందు కొట్టి ఆరబెట్టే రోజుల్లో పెట్టుకోండి. మార్కెట్ చీటీ కూడా రిజిస్టరులో ఎక్కించి ఉంటారు, బ్యాకప్ నిండుగా ఉంటాది.

*షాపులో అడగాల్సినవి*

ఈ ఆరు ప్రశ్నలు ఫోనులో దాచుకోండి:

1. ఏ సామాను మారుస్తాండారు? బోర్డు మారుతాదా, మారదా?
2. ఫార్మాట్ చేయకుండా క్లోన్ చేస్తారా?
3. నా లైసెన్సు ఏ రకం? పని అయినాక అది యాక్టివేట్ అయ్యే ఉంటాదా?
4. నా పాత డిస్క్ తుడవకుండా నా చేతికి తిరిగి ఇస్తారా?
5. నా లెక్కల ప్రోగ్రాము, ప్రింటర్, తెలుగు ఫాంట్లు నా ముందర తెరిచి చూపిస్తారా?
6. బిల్లులో సామాను మోడల్ నంబరు రాస్తారా?

నాలుగో ప్రశ్నకు "లేదు" అనే జవాబు వస్తే సిస్టం తీసుకుని లేచి వచ్చేయండి. పాత డిస్క్ మనదే. దాంట్లో మన ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు, పొలం పత్రాలు ఉండాయి. దాన్ని వదిలేసి రావడం బీరువా తాళం అంగట్లో వదిలి రావడంతో సమానం.

పంట ఎట్లా వచ్చిందని చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉంటారు. ఎందుకట్లా వచ్చిందని రాసిపెట్టుకున్నవాళ్లు కొందరే. ఆ రాసిన లెక్కను కాపాడుకోవడం కూడా సేద్యంలో ఒక పనే. ఈ వారం రెండు పనులు చేయండి చాలు: రిజిస్టరు ఫైలును పెన్‌డ్రైవులో కాపీ చేసి తెరిచి చూడండి, లైసెన్సు రకం ఫోటో తీసుకోండి. మీ సిస్టం మోడల్, ఏం మార్చాలనుకుంటాండారో గ్రూపులో రాస్తే తెలిసినవాళ్లు జవాబు చెప్తారు. లైసెన్సు కీ, బిట్‌లాకర్ నంబరు, ఎఫ్‌ఐడి మాత్రం గ్రూపులో పెట్టొద్దు.

అందరి పంటలూ బాగా రావాల. ఉంటాను.